ఒకే ఇంటిపేరు, రెండు స్పెల్లింగులు

1913లో నేను వేలూరులో ఒక చర్చి ఆఫీసులో రిజిస్టరు గుమాస్తాగా ఉండినాను. ఆఫీసంటే చర్చి గోడకు ఆనుకొని ఒక గది, రెండు బీరువాలు, పొడుగాటి బల్ల ఒకటి. బాప్తిస్మాలకు, పెండ్లిండ్లకు, సమాధులకు మూడు పెద్ద పుస్తకాలు. మా వాళ్ళలో చాలామంది పేరు వాళ్ళ జన్మలో కాగితం మీదికి ఎక్కేది ఆ మూడుసార్లే. ఆ పుస్తకాలు నింపడం, ఎవరైనా అడిగితే సర్టిఫైడ్ కాపీ ఇవ్వడం నా పని. సర్టిఫైడ్ కాపీ అంటే పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దింపి, పాదిరిగారి సంతకం పెట్టించిన నకలు. కాట్పాడి, గుడియాత్తం చర్చిల పుస్తకాలు కూడా నా బీరువాలోనే ఉండేవి.

రాతపని కదా, కూర్చొని చేసే పని అని చాలామంది అనుకుంటారు. మా పక్క మనిషి పేరు రాయడమే ఒక పరీక్ష. తెలుగువాళ్ళకు ఇంటిపేరు ముందొస్తుంది. అరవవాళ్ళకు ఇంటిపేరే లేదు, తండ్రి పేరులో మొదటి అక్షరాన్ని ఇనిషియల్‌గా పెట్టుకుంటారు. రైల్వే కాలనీలో ఉండే ఆంగ్లో ఇండియన్లకు ఇంటిపేరు చివరకు పోతుంది. ఇక గుడియాత్తంలో మగ్గాలు నేసే మన తెలుగువాళ్ళు ఇంట్లో ఇంటిపేరు చెప్పుకుంటారు, బయట అరవవాళ్ళ మాదిరి ఇనిషియల్ పెట్టుకుంటారు. ఇందరికీ కలిపి పుస్తకంలో ఉన్నది ఒకటే గడి. దాని మీద సర్‌నేమ్ అని అచ్చువేసి ఉంటుంది.

ఆ ఏడు జూన్ నెలలో ఒక పెండ్లికి బ్యాన్స్ రాసినాను. ఫలానా అబ్బాయికి ఫలానా అమ్మాయికి పెండ్లి, అభ్యంతరం ఉన్నవాళ్ళు ఇప్పుడే చెప్పండి అని మూడు ఆదివారాలు చర్చిలో చదివే ప్రకటనను బ్యాన్స్ అంటారు. పెండ్లికూతురు గ్రేసు. కాట్పాడిలో గూడ్సు రైలు గార్డుగా ఉన్న రాబర్టుగారి కూతురు, పంతొమ్మిదేండ్ల పిల్ల. ఆమె తాత స్కాట్లండు నుంచి రైలు పనికి వచ్చిన మనిషి, చనిపోయి చాలా ఏండ్లయింది. నాయనమ్మ సారమ్మ మన తెలుగు మనిషి. ఆ ఇంట్లో మాట్లాడేది తెలుగే. పెండ్లికొడుకు జయరత్నం, గుడియాత్తంలో మగ్గం నేసే దావీదు కొడుకు. ఇద్దరూ కాట్పాడిలో ఒకే బడిలో పాఠాలు చెప్పేవాళ్ళు. ఇరుపక్కల పెద్దలూ సంతోషంగా ఒప్పుకున్నారు.

గ్రేసు ఇంటిపేరు నాకు తెలుసు. డి-ఎ-ఎల్-జెడ్-ఐ-ఇ-ఎల్. కాట్పాడిలో అందరూ వాళ్ళను డాల్‌జీల్ వాళ్ళు అనేవాళ్ళు, నేనూ అట్లే అనేవాణ్ణి. జయరత్నం మాత్రం బడి కాగితాలలో డి. జయరత్నం అని రాసుకునేవాడు. ఆ డి అంటే దావీదు అనుకున్నారు అందరూ.

"అబ్బాయీ, ఇంటిపేరు గడి ఖాళీగా వదలకూడదు. మీ నాయన బాప్తిస్మం కాపీ ఉంటే తీసుకోని రా," అన్నాను.

తెచ్చినాడు. దావీదు చిన్నప్పుడు వేలూరులో ఒక అనాథ పిల్లల హోములో పెరిగినాడు. ఆ కాపీలో ఇంటిపేరు డి-ఇ-వై-ఇ-డబుల్ ఎల్ అని ఉంది. ఏదో దొరల పేరు, హోమువాళ్ళు పెట్టి ఉంటారు అనుకొని దాన్ని అట్లే బ్యాన్స్ చీటీలో దించినాను. రెండు పేర్లూ ఒకదాని పక్కన ఒకటి రాసినాను. ఏడెనిమిది అక్షరాల దూరంలో ఉన్నాయి. నాకేమీ తట్టలేదు.

ఆదివారం కాట్పాడి చర్చిలో చదవడానికి కొత్త పాదిరిగారు వచ్చినారు. ఆయన స్కాట్లండు మనిషి. అరక్కోణంలో కొన్నాళ్ళు పనిచేసి అప్పటికి మూడు నెలల కిందటే మా దగ్గరికి వచ్చినారు. తెలుగు బాగానే చదివేవారు. నేను రాసిచ్చిన చీటీ తీసి గట్టిగా చదివినారు.

"గుడియాత్తం దావీదు డీయెల్ కుమారుడు జయరత్నం డీయెల్‌కు, కాట్పాడి రాబర్టు డీయెల్ కుమార్తె గ్రేసు డీయెల్‌కు..."

చర్చిలో గుసగుసలు మొదలైనాయి. ఆడవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చున్న సారమ్మ లేచి నిలబడింది. అరవై దాటిన మనిషి, బక్కపలచగా ఉంటుంది. నిలబడిందంటే ఎవరూ ఆమెను కూర్చోమనలేరు.

"అయ్యా, ఆపండి. ఆ పేరు యాడిది ఆ పిల్లోడికి?"

పాదిరిగారు చీటీ చూసి, "ఇక్కడ రాసి ఉందమ్మా," అన్నారు.

"మా ఆయన ఒక్కడే తన పేరు అట్ల పలికేటోడు. ఆయన పోయినాక ఆ పలుకు నేను మళ్ళా వినలేదు." ఆమె మగవాళ్ళ వైపు తిరిగింది. అక్కడ కొడుకు పక్కన కూర్చున్న దావీదును కొంచెంసేపు తేరిపార చూసింది. "ఏమప్పా, చిన్నప్పుడు నిన్ను చెంగడని పిలిచేటోళ్ళా?"

దావీదు లేచి నిలబడినాడు. నలభై ఏండ్ల మనిషి, బడిలో పిల్లవాడి మాదిరి చేతులు కట్టుకున్నాడు. "ఆమా అమ్మా, అట్లే పిలిచేటోళ్ళు. మీకెట్ల తెలుసు?"

"అయితే ఈ పెండ్లి జరగదు," అన్నది సారమ్మ. "వీళ్ళిద్దరూ అన్నాచెల్లెళ్ళు."

దావీదు తన భర్తకు బయట పుట్టిన కొడుకని సారమ్మ అందరి ముందర అనేసింది. చర్చి బయట చింతచెట్ల కింద ఆ పొద్దు జరిగిన గొడవ రాయను. చర్చి వెనకగదిలో పాదిరిగారిని అడిగినాను, "అయ్యా, ఆ రెండు పేర్లనూ ఒకటే మాదిరి ఎందుకు చదివినారు?"

"రెండూ ఒకటే కాబట్టి," అన్నారు ఆయన. "ఆ జెడ్ నిజానికి జెడ్ కాదు. మా పాత చేతిరాతలో య మాదిరి పలికే అక్షరం ఒకటి ఉండేది, తోక కిందికి లాగిన మూడు అంకె లాగా. అచ్చుయంత్రాలు వచ్చినప్పుడు దానికి అచ్చు లేక, పోలిక ఉంది కదా అని జెడ్ వేసినారు. అక్షరం పోయింది, పలుకు మిగిలింది. మా దేశంలో పుట్టినవాడు ఎవడైనా దాన్ని డీయెల్ అనే అంటాడు."

మన బండి ఱ సంగతి దీనికి తిరగేసి ఉంది, అక్కడ పలుకు పోయి అక్షరం మిగిలింది అనిపించింది నాకు. పుట్టింది స్కాట్లండులోనైనా అక్షరాల కష్టాలు ఒకటే.

ఆ పేరు అసలు ఎక్కడిదని అడిగినాను. నది పక్కన ఒక ఊరు పేరని చెప్పినారు. అందులో మొదటి ముక్కకు పల్లపు చేను అని అర్థమట. ఆ ఊరినుంచి బయటికి పోయినవాళ్ళను ఆ ఊరివాళ్ళు అని పిలిచి పిలిచి అదే ఇంటిపేరైంది. ఇంకొక కథ కూడా ఉందన్నారు. ఒక రాజు, శత్రువులు ఉరితీసిన తన బంధువు శవాన్ని దించే ధైర్యం ఎవరికుంది అని అడిగితే, ఒకడు ముందుకు వచ్చి 'నాకుంది' అన్నాడట, ఆ మాటే పేరైందట. "కథ బాగుంది. నేను మాత్రం చేనునే నమ్ముతాను," అని నవ్వినారు.

నాకు నవ్వు రాలేదు. చర్చి చట్టం ప్రకారం అన్నదమ్ముల పిల్లలు పెండ్లి చేసుకోవచ్చునని ఆయన అన్నారు. అది మీ దేశంలో మాట అయ్యా, మాకు అన్నదమ్ముల పిల్లలంటే తోడబుట్టినవాళ్ళే అన్నాను. గ్రేసుకు ఇరవైయొక్క ఏండ్లు నిండలేదు కాబట్టి తండ్రి సమ్మతి లేకుండా పెండ్లి జరగదు. రాబర్టుగారు తల వంచుకొని, "మా అమ్మ మాట దాటలేను. ఆరు వారాలు చూస్తాను. అంతలో సంగతి తేలకపోతే జోలార్‌పేటనుంచి వచ్చిన ఇంకొక సంబంధం ఖాయం చేస్తాను," అని చెప్పి వెళ్ళిపోయినారు.

మరునాడు గ్రేసు ఒక్కతే ఆఫీసుకు వచ్చింది. ఏడ్చిన కండ్లు, మాట మాత్రం తొణకలేదు.

"గుమాస్తా అయ్యా, ఆ పేరు చీటీలో పెట్టింది మీరే గదా?"

"నేనేనమ్మా."

"అయితే నిజం కూడా మీరే తీయండి. అన్న అయితే అన్నా అని పిలుస్తాను, బతికినన్నాళ్ళు తోడబుట్టినవాడి మాదిరి చూసుకుంటాను. కాకపోతే పెండ్లి చేసుకుంటాను. ఈ రెండిట్లో ఏదో తెలియకుండా మాత్రం జోలార్‌పేటకు పోను. ఆ మాట మా నాయనకూ చెప్పినాను."

నేను తెలిసి చేసిన తప్పు కాదు. అయినా నా చేతిరాత వల్ల వచ్చిన చిక్కు. తేల్చేదాకా వదలనని ఆ పిల్లకు మాట ఇచ్చినాను.

మొదట సారమ్మ దగ్గరికే పోయినాను. రైల్వే కాలనీ ఇంట్లో వరండాలో కూర్చోబెట్టి, దాచకుండా చెప్పింది.

ఆమె భర్త జేమ్స్ దొర పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టరు. అంటే పట్టాలు, కట్టలు, వంతెనలు సరిగా ఉన్నాయా అని చూసే అధికారి. ముప్పై ఆరేండ్ల కిందటి ధాతు కరువు ఏడు ఆయన ఒకనాడు గుడియాత్తం స్టేషన్ నుంచి నాలుగేండ్ల పిల్లవాణ్ణి ఎత్తుకొని ఇంటికి వచ్చినాడు. వాళ్ళ అమ్మ చచ్చిపోయింది, మనం పెంచుకుందాం అన్నాడు. సారమ్మకు అప్పటికి ఇరవైయారేండ్లు, రాబర్టు చంకలో బిడ్డ.

"చుట్టుపక్కలోళ్ళు ఊరుకుంటారా నాయనా? దొర వారంలో నాలుగు దినాలు గుడియాత్తం లైనులోనే ఉంటాడు, ఆడ ఇంకో సంసారం ఉండాది, ఈ పిల్లోడు ఆమె బిడ్డే అన్నారు. ఆ పిల్లోడు చూస్తే ఆయన చెయ్యి వదలడు. నేను అన్నం పెడితే ఆయన మొగం చూసి తినేటోడు. పదహారు దినాలు పెట్టుకున్నా. పదిహేడో దినం, వాడన్నా ఉండాల, నేనన్నా ఉండాల అని చెప్పేసినా. హోములో చేర్చినాడు. చేర్చి, తన ఇంటిపేరు రాయించినాడు. పరాయి పిల్లోడికి ఎవురైనా తన ఇంటిపేరు ఇస్తారా? నువ్వు పుస్తకాలు రాసేటోడివి గదా, నువ్వే చెప్పు."

అక్కడినుంచి నేరుగా వేలూరు హోముకు పోయినాను.

హోములో అడ్మిషన్ రిజిస్టరు దొరికింది. చేరిన ప్రతి పిల్లవాడికీ అందులో ఒక వరస. దావీదు వరసలో తల్లి చనిపోయినదని ఉంది. తీసుకొని వచ్చినవారు రైల్వే ఇన్‌స్పెక్టరు డీయెల్ దొర అని, మన పేర్లు విని రాసే పద్ధతిలోనే, ఎవరో తెలుగు గుమాస్తా చెవికి తోచిన స్పెల్లింగు పెట్టినాడు. తప్పుడు స్పెల్లింగు ఎక్కడ పుట్టిందో అక్కడ తెలిసిపోయింది. తండ్రి అనే గడిలో మాత్రం ఏమీ లేదు. ఖాళీ. గుమాస్తా పనిలో ఖాళీ గడి కంటే చెడ్డది లేదు. ఎవరికి తోచింది వాళ్ళు అందులో చదువుకుంటారు.

రెండో వారంలో గుడియాత్తం పోయినాను. దావీదు ఇంట్లో గుంత మగ్గం మీద లుంగీ నేస్తూ ఉండినాడు. కాళ్ళు గుంతలో, చేతులు మగ్గం మీద. నన్ను చూసి ఆపినాడు.

"నాకు తెలిసింది రెండే అయ్యా. చెంగడనే పేరు ఒకటి. దొర ఆదివారం ఆదివారం హోముకు రొట్టె తెచ్చేది ఒకటి. నాకు పదేండ్లప్పుడు ఆయన జరం వచ్చి పోయినాడు. నేను ఎవురి బిడ్డనో ఆయన్ని అడగలేదు. అడిగితే రాకుండా పోతాడేమో అని బయం."

"ఆ రోజుల్లో దొరతో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉండారా?"

దావీదు కొంచెం ఆలోచించినాడు. "మునెప్ప ఉండాడు. గ్యాంగ్ మేస్త్రీగా చేసినోడు, స్టేషన్ పక్క పల్లెలో ఉండాడు. నా పెండ్లికి కూడా వచ్చినాడు. ఎప్పుడు అడిగినా, వద్దులే నాయనా, తెలుసుకోని ఏం చేస్తావు అంటాడు. అందుకే బయం అయ్యా. ఆయప్ప అట్ల అంటా ఉంటే, ఊళ్ళోవాళ్ళు అనే మాటే నిజమేమో అని."

ఇద్దరం కలిసి పోయినాం. మునెప్పకు డెబ్బై పైనే ఉంటాయి. చూపు మందగించింది, మాట గట్టిగానే ఉంది. పెండ్లి ఆగిపోయిన సంగతి నేను చెప్పినాను. ఆయన దావీదు వైపు చూసి, "ఈ పిల్లోడు ఉండగా చెప్పేదా?" అన్నాడు.

"చెప్పు మునెప్పా," అన్నాడు దావీదు. "ఏదైనా సరే. నా కొడుకు బతుకు దీంట్లో ఉండాది."

"పలమనేరు పక్కనుంచి కొండ కనమ దిగి నడిచొచ్చినారు నాయనా మీ అమ్మా నువ్వూ. రైల్లో బియ్యం మూటలు దిగతాయని ఎవురో చెప్పి ఉంటారు. ఆ ఏడు అట్ల వచ్చినోళ్ళు ఎంతమందో. గూడ్స్ షెడ్డు పక్కన పడిపోయి ఉండాది. దొరా నేనూ ట్రాలీ దిగి చూస్తే, ఇంకా పేణం ఉండాది. దొరకు తెలుగు సరిగ్గా రాదు. నేను వంగి అడిగినా. మేము మొలకలోళ్ళం, పిల్లోడు చెంగడు అనింది. మీ నాయన దోవలోనే పోయినాడంట. దొర నన్ను ఆ పేరు మళ్ళా మళ్ళా చెప్పించుకోని రాసుకున్నాడు. ఆయమ్మ సాయంత్రానికి పోయింది. కట్ట పక్కన మేమే గుంత తవ్వి పెట్టినాం." ఆయన దావీదు చెయ్యి తడిమి పట్టుకున్నాడు. "మీ అమ్మ ఆకలికి పోయింది నాయనా. నీ చేతిలో మాత్రం పిడికెడు బొరుగులు ఉండినాయి. తను తినకుండా నీకు పెట్టుకుంది. ఇది నీకు ఎట్ల చెప్పేది? అందుకే చెప్పలే."

"మొలకలోళ్ళం," అని దావీదు ఒకసారి తనలో తాను అనుకున్నాడు. "జ్ఞాపకం రాలేదయ్యా. వచ్చిందని అబద్ధం చెప్పలేను." తరవాత ముసలాయన కాళ్ళు పట్టుకొని ఏడ్చినాడు.

నాకు సంగతి తేలిపోయింది. ఆ ఉత్సాహంతోనే కాట్పాడి పోయి సారమ్మకు చెప్పినాను. ఆమె మొగంలో ఏ మార్పూ లేదు.

"మునెప్ప మా ఆయన కింద పనిచేసినోడు. దొర తప్పు చేసినా కప్పిపెడతాడు గాని బయట పెడతాడా? నోటిమాట వద్దు. ముప్పై ఆరేండ్లు నేను మోసిన మాట ఇది. నోటిమాటకు దించలేను."

ఆమె మొండితనానికి కోపం వచ్చినా, ఇంటికి పోతూ ఆలోచిస్తే ఆమె అడిగింది న్యాయమే అనిపించింది. నేనే ఆఫీసులో ఎవరినైనా మొదట అడిగేది కాగితం ఉందా అనే కదా. మరి కాగితం ఎక్కడుంటుంది? దొర రాసుకున్నాడని మునెప్ప చెప్పినాడు. ఆయన జేబు పుస్తకం ఇంట్లో లేదు, చనిపోయినాక పాత పుస్తకాలన్నీ చెదలు తినినాయని సారమ్మే చెప్పింది. అయితే తల్లి పేరు అడిగి అడిగి రాసుకున్న మనిషి, పిల్లవాణ్ణి హోములో వదిలేటప్పుడు ఆ పేరు వాళ్ళకు ఇవ్వకుండా ఉంటాడా?

హోములో పాత ఉత్తరాలు గార్డ్ ఫైళ్ళలో ఉండేవి. వచ్చిన ఉత్తరాలను రాసినవాళ్ళ పేరు వరసలో దారానికి గుచ్చి కట్టిన కట్టలవి. రోజూ నా ఆఫీసు పని అయినాక పోయి వెదికినాను. కరువు నాటి కట్టలలో, రిజిస్టరులో ఉన్న డి-ఇ-వై స్పెల్లింగు ప్రకారం డి-ఇ కట్టలన్నీ దించి ఒక్కొక్క కాగితం చూసినాను. లేదు. రెండోసారి చూసినాను. లేదు. నాలుగో వారం అయిపోయింది. హోము సూపరింటెండెంటుకు నన్ను చూస్తే విసుగు పుట్టింది.

అయిదో వారంలో ఒక సాయంత్రం ఆ కట్టలు మళ్ళీ కడుతూ ఉంటే నా తెలివితక్కువతనం నాకే తెలిసింది. రిజిస్టరు రాసింది మన గుమాస్తా. ఉత్తరం రాసింది దొర. తన పేరు తాను చెవికి విని రాసుకోడు కదా! జెడ్ పెట్టి, వాళ్ళ ఊరిలో రాసినట్టే సంతకం చేసి ఉంటాడు. డి-ఎ-ఎల్ కట్ట తీసినాను. అందులో పదకొండో కాగితం అదే. అంచులు పొడి అయిపోయినాయి. నడిమధ్య రాత చెక్కుచెదరలేదు.

మరునాడు ఆ ఉత్తరం సర్టిఫైడ్ కాపీ తీసుకొని, పాదిరిగారిని వెంటబెట్టుకొని కాట్పాడి పోయినాను. అసలు ఉత్తరం కూడా అడిగి తీసుకున్నాను. రాబర్టుగారు, గ్రేసు తలుపు దగ్గర నిలబడినారు. సారమ్మకు దొర చేతిరాత చూపినాను. ఆమె చదువుకోలేదు, కాని ఆ సంతకం కింద లాగిన గీతను వేలితో ముట్టుకొని, "ఆయనదే," అన్నది. నేను తెలుగులో చెప్పుకుంటూ చదివినాను.

"ఈ బాలుడి తల్లి పదహారు దినాల కింద గుడియాత్తం స్టేషన్‌లో చనిపోయింది. ఆమె చెప్పిన ఇంటిపేరును నా మేస్త్రీ పలికినట్టు రాస్తున్నాను. ఈ భాషకు నా చెవి ఇంకా అలవాటు పడలేదు."

అక్కడ ఆయన ఎం-యు-ఎల్-ఎల్-యు-కె-యు-ఎల్-ఎల్-ఎ అని రాసినాడు. గట్టిగా చదివితే ముల్లుకుల్ల. రెండుసార్లు తొందరగా చదివితే మొలకల. మన గుమాస్తా ఆయన పేరును ఎట్ల పాడుచేసినాడో, ఆయన మన పేరును అట్లే పాడుచేసినాడు.

"ఇతని వాళ్ళు ఎవరైనా వెదుక్కుంటూ వస్తే ఈ పేరుతో గుర్తుపట్టండి. అంతవరకు నా ఇంటిపేరు పెట్టండి. పేరు తెలియని పిల్లలకు మీ పుస్తకంలో నంబరు మాత్రమే వేస్తారని విన్నాను. మా తాత చేను వదిలి బొగ్గుగనులకు పోయినప్పుడు ఆయన వెంట వచ్చింది ఆ ఊరి పేరు ఒక్కటే. ఆ పేరుతోనే మా నాయన రైలు పట్టాలు వేసినాడు. ఆ పేరుతోనే నేను ఇంత దూరం వచ్చినాను. అది ఇంకొకణ్ణి కూడా మోస్తుంది. పిల్లవాణ్ణి నా ఇంట్లో పెట్టుకోలేకపోతున్నాను. కారణం రాయను."

నేను ఆపినాను. ఇంకేమీ లేదు, సంతకమే.

"ఆ కడపటి మాట మళ్ళా చదువు," అన్నది సారమ్మ.

"కారణం రాయను."

"కారణం నేను," అన్నది. "నా పేరు రాయలేదు." ఉత్తరం మీదనుంచి వేలు తీసి, "ఇదంతా నాకు చెప్పినాడు నాయనా. మునెప్ప చెప్పినట్టే చెప్పినాడు, ఒక్క మాట తేడా లేకుండా. నేను నమ్మలే. జరంలో పడుకోని ఉన్నప్పుడు కూడా, ఇప్పుడన్నా నిజం చెప్పు అన్నా. ఇదే నిజం అన్నాడు. మొగం తిప్పుకున్నా," అన్నది.

గ్రేసు వచ్చి ఆమె పక్కన కూర్చుంది. పాదిరిగారు ఏదో ఓదార్పు చెప్పబోతే సారమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "అయ్యా, తరవాత. గుడియాత్తానికి రైలు ఎన్ని గంటలకి రాబర్టూ?"

ఆ పొద్దే పోయినాం. స్టేషన్ నుంచి ఊళ్ళోకి జట్కా బండి ఎక్కినాం. దావీదు మగ్గం మీద ఉండినాడు. ఆమెను చూసి గుంతలోనుంచి పైకి రావడానికి చేతులు ఆనించినాడు. అంతలోనే ఆమె నేల మీద, గుంత అంచున, అతని ఎదురుగా కూర్చుంది. ఇద్దరి మొగాలూ ఒక ఎత్తులోకి వచ్చినాయి.

"నాయనా చెంగా, నిన్ను ఇంట్లోనుంచి పంపించింది నేను. దొర కాదు. నువ్వు తెలుసుకోవాలని వచ్చినా."

దావీదు చేతిలో ఉన్న నూలు నాడెను పక్కన పెట్టినాడు. ఉత్తరం సంగతి నేను చెప్పినాను. విన్నాడు. ఎంతో మెల్లగా, "అమ్మా, ఏడవద్దండి," అన్నాడు. "మీరు నన్ను పెంచుకోని ఉంటే నేను మీ కొడుకును. రాబర్టయ్య నాకు తమ్ముడు. అప్పుడు వీళ్ళిద్దరూ నిజంగానే అన్నాచెల్లెళ్ళు అయిపోయి ఉందురు గదా. ఈ పెండ్లి యాడ జరిగేది?"

సారమ్మ అతని రెండు చేతులూ పట్టుకుంది. నేను బయటికి వచ్చేసినాను. అక్కడ గుమాస్తాకు పని లేదు.

ఆగస్టు మొదటి వారంలో బ్యాన్స్ మళ్ళీ మొదటినుంచి చదివించినాం. చీటీ రాసేముందు దావీదును అడిగినాను, ఇంటిపేరు ఏమి రాయమంటావని.

"నా కొడుకుకు మొలకల అని రాయండి. మా అమ్మ కడపటిసారి చెప్పిన మాట అది. నాకు మాత్రం డీయెల్ తీసేయొద్దు. ఆయన ఇచ్చినాడు, నేను దాంతోనే పోతాను. స్పెల్లింగు కూడా మార్చొద్దు అయ్యా. తప్పో ఒప్పో, ముప్పై ఆరేండ్లు నన్ను మోసింది అదే."

తండ్రికి ఒక ఇంటిపేరు, కొడుక్కి ఇంకొకటి. ముందుముందు నా కుర్చీలో కూర్చునే గుమాస్తా ఇది చూసి తప్పు అనుకుంటాడని, పాదిరిగారి అనుమతితో మార్జినల్ నోట్ రాసినాను. పుస్తకం అంచున ఎర్రసిరాతో రాసే వివరణ అది. మామూలుగా రెండు వరసలు ఉంటుంది. ఇది పద్నాలుగు వరసలు అయింది. పెండ్లిలో సాక్షి సంతకాల దగ్గర మునెప్ప వేలిముద్ర వేసినాడు.

ఆ తరవాత కూడా చాలా ఏండ్లు ఆ పనిలోనే ఉన్నాను. అంతకుముందు నేను కాగితం మీద ఉన్న పేరును చూసి పుస్తకంలోకి దించేవాణ్ణి, తప్పు లేకుండా దించితే నా పని అయిపోయినట్టు. ఈ సంగతి జరిగినాక ప్రతి పేరుకూ రెండు ప్రశ్నలు అడగడం నేర్చుకున్నాను: ఈ పేరు పలికింది ఎవరు, రాసింది ఎవరు? ఆ ఇద్దరూ ఒకరు కాకపోతే, ఆ ఇద్దరి నడుమ ఏదో ఒకటి పడిపోయి ఉంటుంది, దాన్ని వెదకాలి. రాసిన తరవాత పుస్తకం వాళ్ళ వైపు తిప్పి, చదువు వచ్చినా రాకపోయినా, పేరును గట్టిగా చదివి వినిపించేవాణ్ణి. "ఇదేనా అమ్మా? ఇదేనా అప్పా?" అని అడిగి, ఆమా అని వాళ్ళ నోటితో అన్నాకే పాదిరిగారి సంతకానికి పంపేవాణ్ణి.